ఆ పుస్తకాలు ఏ బీరువాలో ఉన్నాయి?



రాజాం, పాలకొండ, బొబ్బిలి, చీపురుపల్లి చుట్టుపక్కల కాలేజీల్లో చదివే పిల్లలు కొందరు ఈమధ్య మంచి విషయాలు ఎంచుకుంటున్నారు. ఆడపిల్లల చదువు, చిన్నతనపు పెళ్ళిళ్ళు, మగవాళ్ళు వలసపోయిన ఇళ్ళలో ఆడవాళ్ళ బతుకు, హిజ్రాల జీవితం, ప్రేమ, కోరిక, లైంగికత. పెద్దల ముందు పలకడానికే జంకే విషయాలు వీటిలో కొన్ని. సరే, ప్రాజెక్టు రాద్దామని కూర్చున్నాక వాళ్ళ నోట వచ్చే మొదటి మాట ఏమిటంటే, "మన వైపు మెటీరియల్ ఏమీ లేదండీ" అని. ఫోన్లో వెతికితే ఢిల్లీ గురించో అమెరికా గురించో వస్తుంది. ఊళ్ళో లైబ్రరీకి వెళ్తే పోటీ పరీక్షల పుస్తకాలు, దినపత్రికలు కనబడతాయి. అక్కడితో ఆగిపోతారు.

మెటీరియల్ ఉంది. మనం అనుకున్నదానికంటే ఎక్కువే ఉంది. జెండర్ అని చీటీ అంటించిన బీరువా ఒకటి ఎక్కడో ఉంటుందనుకుని దానికోసం చూస్తున్నాం కాబట్టి కనబడడం లేదు. అది నాటకాల బీరువాలో ఉంది, జనాభా లెక్కల్లో ఉంది, పాత వారపత్రికల కట్టల్లో ఉంది, కోర్టు తీర్పుల్లో ఉంది. ఎక్కడెక్కడ చూడాలో, ఎలా అడగాలో ఈ పూట చెబుతాను.

ముందు మన రాజాం సంగతి. ఈ ఊరి గురించి పాత కాగితాలు వెతికేవాళ్ళు మూడు జిల్లాల పేర్లు గుర్తుపెట్టుకోవాలి. 2022 ఏప్రిల్ 4 నుంచి మనది విజయనగరం జిల్లా. అంతకుముందు 1950 నుంచి శ్రీకాకుళం జిల్లా. 1950కి ముందు విశాఖపట్నం జిల్లా. కాబట్టి 2011 జనాభా లెక్కల్లో రాజాం కావాలంటే శ్రీకాకుళం జిల్లా పుస్తకం తియ్యాలి. ఇంకా వెనక్కి, ఇంగ్లీషువాళ్ళ కాలంలో ఈ ప్రాంతంలో పెళ్ళి ఆచారాలేమిటి, ఏ కులంలో విడిపోయిన స్త్రీ మళ్ళీ పెళ్ళాడేది అని చూడాలంటే 1869లో కార్‌మైకేల్ రాసిన విశాఖపట్నం జిల్లా మాన్యువల్‌నీ, 1907లో ఫ్రాన్సిస్ రాసిన గెజిటీరునీ తియ్యాలి. అవి దొరలు తమ పరిపాలన కోసం రాసుకున్నవి. వాటిలో ప్రతి వాక్యాన్నీ నమ్మనక్కరలేదు. కానీ చదవకుండా వదిలెయ్యకూడదు. ఇక 1953కి ముందు వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వులన్నీ మద్రాసు ప్రభుత్వానివి గనక, వాటి కోసం చివరికి చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ గడప తొక్కక తప్పదు.

జనాభా లెక్కల మాట వచ్చింది కాబట్టి ఒక అంకె చెబుతాను. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం మీద వెయ్యిమంది మగవాళ్ళకు 993 మంది ఆడవాళ్ళు. శ్రీకాకుళంలో 1015, విజయనగరంలో 1019. ఆడవాళ్ళ సంఖ్య ఎక్కువగా ఉందని సంతోషించి పేజీ తిప్పేస్తే పరిశోధన కాదు. ఈ అంకె వెనక వలస ఉంది. పనుల కోసం ఊరొదిలిన మగవాళ్ళు ఉన్నారు, ఇల్లూ పొలమూ ముసలివాళ్ళూ మీద పడ్డ ఆడవాళ్ళు ఉన్నారు. ఆ లెక్కల పక్కనే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే పెట్టుకోండి. జిల్లాకో నివేదిక ఉంది, ఉచితంగా దొరుకుతుంది. ఈ రెండు కాగితాలు చాలు, ఒక మంచి ప్రశ్న పుట్టడానికి. 2011 లెక్కల్లోనే మొట్టమొదటిసారి ఆడ, మగ కాక ఇతరులు అని మూడో గడి పెట్టారు. దేశం మొత్తంలో 4,87,803 మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది ఆ గడిలో నమోదయ్యారు. ఎన్యూమరేటరు ముందు ఎంతమంది నిజం చెప్పగలిగి ఉంటారో మీరే ఆలోచించండి. అందుకని ఈ అంకెను వాడేటప్పుడు జాగ్రత్తగా వాడండి.

ఇక పుస్తకాల దగ్గరికి వద్దాం. మన జిల్లా వాడికి కన్యాశుల్కం గురించి చెప్పడం అనవసరం. గిరీశం, మధురవాణి పేర్లు తెలియనివాళ్ళు ఇక్కడ లేరు. కానీ గురజాడ అప్పారావు గారు 1897 నాటి మొదటి కూర్పుకు ఇంగ్లీషులో రాసిన పీఠిక ఎంతమంది చదివారు? అందులో ఒక పట్టిక సంగతి ఉంది. విజయనగరం మహారాజు ఆనంద గజపతి గారు విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాల జాబితా తయారు చేయించారు. మొత్తం 1034 పెళ్ళిళ్ళు తేలాయి. పెళ్ళికూతుళ్ళలో ఐదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది నిండిన పసిగుడ్లు ముగ్గురు. ఆ జాబితా కూడా పూర్తిది కాదని గురజాడే చెప్పారు. మన నేల మీద, మన ఆడపిల్లల గురించి, 19వ శతాబ్దంలో జరిగిన సర్వే ఇది. ఏ లైబ్రరీలోనూ ఇది జెండర్ అధ్యయనాల కింద ఉండదు. నాటకాల కింద ఉంటుంది. పీఠిక ఉన్న ప్రతి కోసం చూడండి. చాలా చవక ప్రతుల్లో పీఠిక తీసేశారు.

నాటకాల బీరువా దగ్గర ఉన్నాం కాబట్టి ఇంకొక్క మాట. ఆడవేషం కట్టిన మగవాళ్ళ జీవితాలు కూడా అక్కడే ఉన్నాయి. స్థానం నరసింహారావు గారు తన అనుభవాలను 'నటస్థానం' అని పుస్తకంగా రాశారు. కూచిపూడిలో మగవాళ్ళ ఆడవేషాల మీద హర్షిత మృత్తింటి కామత్ 2019లో ఇంగ్లీషులో రాసిన 'ఇంపర్సనేషన్స్' అనే పుస్తకాన్ని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ప్రచురణ సంస్థ అందరికీ ఉచితంగా పెట్టింది. రాజాంలో కూర్చుని ఫోన్లోనే చదువుకోవచ్చు. ఆడతనం, మగతనం అనేవి ఎలా నేర్చుకుంటారు, ఎలా ప్రదర్శిస్తారు అన్న ప్రశ్నకు మన సొంత సరుకు ఇది.

ఒక పుస్తకం ఎలా మాయమవుతుంది, మళ్ళీ ఎలా దొరుకుతుంది అనేది తెలియాలంటే 'రాధికా సాంత్వనం' కథ వినాలి. ఈ విషయం మీద పనిచేసే ప్రతి విద్యార్థికీ ఇదే మొదటి పాఠం కావాలని నా నమ్మకం. తంజావూరును ప్రతాపసింహుడు ఏలిన రోజులు, అంటే 1739 నుంచి 1763 దాకా. ఆ ఆస్థానంలో ముద్దుపళని అనే గణిక ఉండేది. పండితురాలు, కవయిత్రి. తాను పెంచిన ఇలను కృష్ణుడికిచ్చి పెళ్ళిచేసి, ఆ తర్వాత విరహంతో, అసూయతో, కోపంతో రగిలిపోయే రాధను ఆమె తెలుగు పద్యాల్లో నిలబెట్టింది. చివరికి కృష్ణుడే వచ్చి రాధను బతిమాలుకోవాలి. ఒక స్త్రీ కోరికను ఒక స్త్రీయే దాపరికం లేకుండా చెప్పిన కావ్యం అది.

1887లో అది అచ్చయింది. ఆ రోజుల్లోనే కందుకూరి వీరేశలింగం పంతులు గారు కవుల చరిత్రలో ముద్దుపళనిని గట్టిగా తప్పుపట్టారు. ఆడదాని నోట పలకరాని మాటలు రాసిందన్నారు. స్త్రీల చదువు కోసం, వితంతువుల పెళ్ళిళ్ళ కోసం అంత పోరాడిన మనిషి కూడా అక్కడ ఆగిపోయారు. ఈ వైరుధ్యాన్ని దాచకుండా రాయడం కూడా పరిశోధనలో భాగమే. తర్వాత బెంగళూరు నాగరత్నమ్మ గారు వచ్చారు. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి దగ్గర గుడి కట్టించిన సంగీత విదుషి ఆవిడే. వేరే పుస్తకం చదువుతుండగా, తంజావూరు కాలపు తెలుగు సాహిత్యం గురించిన వ్యాఖ్యలో ఈ కావ్యం ప్రస్తావన ఆవిడ కంట పడింది. ఆ ఒక్క ప్రస్తావన పట్టుకుని వెతికారు. కష్టపడి అచ్చు ప్రతి సంపాదిస్తే అందులో కొంత భాగం లేదు. అది చాల్లే అనుకోలేదు. రాతప్రతి సంపాదించి, రెండూ సరిచూసి, 1910లో వావిళ్ళ వారి చేత పూర్తి కావ్యం అచ్చు వేయించారు. పీఠికలో వీరేశలింగం గారిని సూటిగా నిలదీశారు. మగవాళ్ళు రాసిన శృంగార కావ్యాలను మెచ్చి ప్రచురణకు ఒప్పుకున్న పెద్దలు, స్త్రీ రాసేసరికి సిగ్గు మాట ఎందుకెత్తుతున్నారని అడిగారు.

మరుసటి ఏడు, 1911లో, ప్రభుత్వం ఆ పుస్తకాన్ని అశ్లీలమని జప్తు చేసింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చే ముందు, టంగుటూరి ప్రకాశం పంతులు గారు మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్న రోజుల్లో నిషేధం ఎత్తేశారు. 1952లో వావిళ్ళ వారు మళ్ళీ వేశారు. నాగరత్నమ్మ గారు కన్నుమూసింది కూడా 1952లోనే. ఆ తర్వాత సూసీ తారు, కె. లలిత హైదరాబాదు నుంచి పనిచేసి, భారతీయ భాషల్లో స్త్రీల రచనలను 1991లో, 1993లో రెండు ఇంగ్లీషు సంపుటాలుగా తెచ్చారు. ముద్దుపళనికీ, నాగరత్నమ్మకీ జరిగిన ఈ సంగతంతా వాటి ముందుమాటలోనే చెప్పారు. ఇప్పుడు ప్రపంచమంతా ముద్దుపళనిని చదువుతోంది.

ఇంత వివరంగా ఎందుకు చెప్పానంటే, నాగరత్నమ్మ గారు వెతికిన పద్ధతి ఈనాటికీ పనికొస్తుంది కాబట్టి. ఒక పుస్తకంలో కనబడ్డ ప్రస్తావన పట్టుకుని ఇంకో పుస్తకానికి పోవడం. దొరికిన ప్రతి అసంపూర్తిగా ఉంటే ఇంకో ప్రతి వెతకడం. లేదు అన్న మాట విన్నప్పుడు, లేకుండా చేసింది ఎవరు అని అడగడం.

మన లైబ్రరీల్లో పుస్తకాలకు వేసే నంబర్ల సంగతి కూడా కొంచెం తెలుసుకోండి. డ్యూయీ పద్ధతి పాటించే లైబ్రరీలో స్త్రీ పురుష సంబంధమైన సామాజిక గ్రంథాలు 305.3, 305.4 దగ్గర ఉంటాయి. లైంగికత మీదివి 306.7 దగ్గర ఉంటాయి. స్త్రీల వ్యాధులు, కాన్పులు 618లో, తెలుగు సాహిత్యమంతా 894.827లో. అంటే ఒకే విషయం మీద నాలుగు పుస్తకాలు నాలుగు వరసల్లో ఉంటాయి. పైగా ఈ నంబర్లు కూడా కాలాన్ని బట్టి మారాయి. ఒకప్పుడు ఇదే డ్యూయీ పద్ధతిలో స్వలింగ ప్రేమ మీద పుస్తకాలను మానసిక రోగాల కింద పెట్టేవారు. ఇప్పుడు 306.76 కింద పెడుతున్నారు. పాత పుస్తకం పాత నంబరు దగ్గరే ఉండిపోయి ఉండొచ్చు. కాటలాగులో వెతికేటప్పుడు కూడా ఈనాటి మాటలతో పాటు ఆనాటి మాటలు వాడండి. స్త్రీ విద్య, అతిబాల్య వివాహం, పునర్వివాహం, సంఘసంస్కరణ, కళావంతులు, దేవదాసీ. 1902లో మొదలైన 'హిందూసుందరి', 1928లో మొదలైన 'గృహలక్ష్మి' లాంటి స్త్రీల పత్రికలు ఈ మాటలతోనే నిండి ఉన్నాయి. బండారు అచ్చమాంబ గారు 1901లో తెచ్చిన 'అబలా సచ్చరిత్ర రత్నమాల' దగ్గర నుంచి మొదలుపెడితే, ఆడవాళ్ళు తమ చరిత్ర తాము రాసుకున్న వరస ఒకటి కనబడుతుంది. ఇలాంటి పాత తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వేలకొద్దీ ఉన్నాయి. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో తప్పులతో ఎక్కించి ఉంటాయి కాబట్టి రెండు మూడు రకాల స్పెల్లింగులతో వెతకాలి.

పత్రికల విషయంలో మన ఉత్తరాంధ్ర వాళ్ళకు ఉన్న అదృష్టం ఇంకెవరికీ లేదు. రాజాంలో బస్సెక్కితే శ్రీకాకుళం. అక్కడ విశాఖ ఎ కాలనీలో కథానిలయం. కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న ప్రారంభించారు. 'యజ్ఞంతో తొమ్మిది'కి వచ్చిన సాహిత్య అకాడమీ బహుమతి సొమ్ము దానికి పునాది. తెలుగులో వచ్చిన ప్రతి కథా ఒకచోట ఉండాలన్నది ఆయన పట్టుదల. 2021 జూన్‌లో వెళ్ళిపోయేదాకా ఆ పట్టు వదల్లేదు. కథల కోసం చేరిన ఆ పాత పత్రికల్లో ఇంకా ఏమేమి ఉన్నాయో చూడండి. ఆడవాళ్ళకు పెట్టిన శీర్షికలు, సబ్బుల ప్రకటనలు, పెళ్ళి సంబంధాల ప్రకటనలు, పాఠకుల ఉత్తరాలు, డాక్టరుకు రాసిన ప్రశ్నలు. స్వాతి వారపత్రికలో డాక్టర్ సమరం గారు ఏళ్ళ తరబడి లైంగిక విషయాలపై పాఠకులకు జవాబులు చెప్పారు. మన సమాజం ఏ భయాలతో, ఏ అపోహలతో పడక గదిలోకి వెళ్ళిందో ఆ ప్రశ్నల్లో ఉంది. దాన్ని పక్కనపెట్టిన పరిశోధకుడు పెద్ద ఆధారాన్ని వదులుకున్నట్టే.

కథలంటే గుర్తొచ్చింది. 'బోన్సాయ్ బ్రతుకు' రాసిన అబ్బూరి ఛాయాదేవి గారి ఉద్యోగం ఏమిటో తెలుసా? లైబ్రేరియన్. ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో డిప్యూటీ లైబ్రేరియన్‌గా చేశారు. ఆవిడ మామగారు అబ్బూరి రామకృష్ణారావు గారు మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లైబ్రేరియన్. స్త్రీవాద కథకూ గ్రంథాలయానికీ మన భాషలో అంత దగ్గరి చుట్టరికం ఉంది.

ఇక హిజ్రాలు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గురించి. తెలుగులో మొదట చదవాల్సింది ఎ. రేవతి గారి ఆత్మకథ. పి. సత్యవతి గారు 'ఒక హిజ్రా ఆత్మకథ' పేరుతో తెలుగు చేశారు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. ఆ అనువాదానికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. ఇంకొకరు వాళ్ళ గురించి రాసినది చదివే ముందు, ఆ మనిషే తన గురించి ఏం చెప్పుకుందో చదవాలి. ఈ వరస మార్చకండి. తర్వాత తీర్పులు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను మూడో జెండర్‌గా గుర్తించిన 2014 ఏప్రిల్ 15 నాటి నల్సా తీర్పు, 2018 సెప్టెంబరు 6న స్వలింగ ప్రేమ నేరం కాదన్న తీర్పు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు 1329 ఫసలీ నాటి నిజాం కాలపు చట్టాన్ని కొట్టేసిన తీర్పు ఈ మూడింటిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపిస్తుంది. హిజ్రాల పేర్లు రిజిస్టరులో రాయించి, ఆడబట్టలతో వీధిలో కనబడితే వారంటు లేకుండా అరెస్టు చెయ్యొచ్చన్న చట్టం అది. వందేళ్ళు పుస్తకాల్లో ఉండిపోయింది. తీర్పుల్లో తీర్పు ఒక్కటే ఉండదు. చరిత్ర ఉంటుంది, సాక్ష్యాలు ఉంటాయి, చూడాల్సిన పుస్తకాల పేర్లు ఉంటాయి. కోర్టుల వెబ్‌సైట్లలో అందరికీ అందుబాటులో ఉన్నాయి. సుప్రీంకోర్టు కొన్ని తీర్పులను తెలుగులోకి కూడా అనువదించి పెడుతోంది.

పెద్ద పరిశోధన చెయ్యదలచినవాళ్ళకు విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయపు వి.ఎస్. కృష్ణా లైబ్రరీ ఉంది, దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్త్రీ అధ్యయన కేంద్రం ఉంది. హైదరాబాదులో 1985 నుంచి పనిచేస్తున్న స్త్రీల పరిశోధన కేంద్రం అన్వేషి ఉంది. స్త్రీవాద పత్రిక 'భూమిక' పాత సంచికలున్నాయి. దళిత స్త్రీల రచనలకు గోగు శ్యామల గారి సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' ఉంది. కులం సంగతి ఎత్తకుండా ఆడవాళ్ళ సంగతి రాస్తే సగమే రాసినట్టు. దేశంలోని విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు చాలా వరకు శోధగంగ వెబ్‌సైట్లో ఉచితంగా చదవొచ్చు. అందులో మంచివీ ఉన్నాయి, ఊకదంపుడువీ ఉన్నాయి. చివర ఉన్న గ్రంథసూచిక మాత్రం ఎప్పుడూ వృథా పోదు.

పుస్తకాల్లో దొరకనిది మనుషుల దగ్గర ఉంటుంది. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలు రికార్డు చేసి 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చారు. మన పల్లెల్లోనూ అలా మాట్లాడించాల్సిన అవ్వలు, అప్పలు ఉన్నారు. వెళ్ళండి. అయితే ఇది లైంగికత విషయం. ఒకరి రహస్యం మీ నోటుపుస్తకంలోకి వచ్చిందంటే దాని భారం మీదే. పేరు, ఊరు, గుర్తుపట్టే వివరం ఏదీ వాళ్ళ అనుమతి లేకుండా రాయొద్దు. మీ మార్కుల కోసం ఒక మనిషి ఇల్లు వదిలి పోవాల్సిన పరిస్థితి రాకూడదు.

గ్రంథాలయాల్లో పనిచేసే సోదర సోదరీమణులకు ఒక మాట. మనం ఇంటిపన్నుతో పాటు కట్టే గ్రంథాలయ పన్నుతో శాఖా గ్రంథాలయాలు నడుస్తున్నాయి. రూపాయికి ఎనిమిది పైసలు. అందులో ఆడవాళ్ళ డబ్బు ఉంది, హిజ్రాల డబ్బు ఉంది. చలం పుస్తకమో, రేవతి పుస్తకమో, స్త్రీల ఆరోగ్యం మీద హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన 'సవాలక్ష సందేహాలు' పుస్తకమో అడిగిన పిల్లని ఎగాదిగా చూడకండి. ఎందుకమ్మా ఇవన్నీ అని అడగకండి. అలాంటి పుస్తకాలను తాళం వేసిన బీరువాలో పెట్టకండి. అందరికీ అందే అరలో పెట్టండి. అడగడానికి సిగ్గుపడే మనిషి తానే తీసుకుని, ఓ మూల కూర్చుని చదువుకోవాలి. లేని పుస్తకాన్ని పాఠకులు రాసివ్వగలిగేలా ఒక రిజిస్టరు బల్ల మీద ఉంచండి. పాఠకులు కూడా సంకోచించకుండా అందులో రాయాలి. రాసి ఇస్తేనే కొనుగోలు జాబితాలోకి ఎక్కుతాయి.

ఇళ్ళల్లో ఉన్నవాళ్ళకు చివరిగా ఒక విన్నపం. మీ అటక మీద అమ్మమ్మ చదివి దాచుకున్న పాత వారపత్రికలు, ఆవిడ రాసుకున్న పద్దు పుస్తకాలు, పుట్టింటికి రాసిన ఉత్తరాలు, పాత శుభలేఖలు ఉండొచ్చు. ఇల్లు సర్దేటప్పుడు కిలోల లెక్కన పాత పేపర్లవాడికి తూచి ఇచ్చెయ్యకండి. పత్రికలైతే కథానిలయానికి ఒక ఉత్తరం ముక్క రాయండి. ఉత్తరాలు, పద్దులు అయితే దగ్గర్లోని కాలేజీ తెలుగు శాఖకో చరిత్ర శాఖకో చూపించండి. ఈ వారమే ఒకసారి అటక ఎక్కి చూడండి.